సప్పుడు లేని గల్లీ

"బిడ్డా, ఈ రూము వద్దు. బస్టాండు కాడ ఇంకోటి సూద్దాం," అంటూ రాజేశం తలుపు దగ్గరికి నడిచాడు. సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి.

రజిత అడ్డంగా నిలబడింది. కంటి ఆపరేషన్ అయిన తల్లి హైదరాబాదులో నాలుగు రోజులుండాలని, గోలలేని వీధి వెతికి మరీ తీసుకున్న గది అది.

"అమ్మకు నిమ్మలం కావాలె బాపూ. ఈడ హారన్ గూడ ఇనబడది."

"అందుకే వద్దంటున్న."

"సాంచెల మోత లేకుంట ఉండలేవా ఏంది?"

రాజేశం మంచం మీద కూలబడ్డాడు. చెవులు గట్టిగా మూసుకుని, వదిలేశాడు.

"మోత లేదని ఎవలన్నరు? నా చెవులల్ల సాంచె నడుస్తనే ఉన్నది బిడ్డా. బయట సప్పుడుంటే జర తెల్వది. ఈడ ఆ మోతొక్కటే ఇనబడ్తంది. దాన్ని ఇడిసి ఎటు పోవాలె నేను?"

"ఎన్నేండ్ల సంది?"

"నీ పెండ్లికి ముందు సంది."

టీవీ సౌండు తగ్గించమని తండ్రిని తను ఎన్నిసార్లు కసిరిందో రజితకు గుర్తొచ్చింది.

కంటికి పట్టీతో పడుకున్న సత్యవ్వ లేచి కూర్చుంది. తడుముకుంటూ భర్త చెయ్యి పట్టుకుంది.

"నాకెన్నడు చెప్పకపోతివి."

"చెప్తే పని బందు వెట్టుమందువు."

సత్యవ్వ మితభాషి. ఆ మధ్యాహ్నం మాత్రం, చిన్నప్పుడు మేనమామ పెళ్లికి ఎడ్లబండిలో రుద్రంగి వెళ్లిన సంగతి ఎత్తుకుంది. అది అయిపోగానే మరొకటి. డాక్టరు నిద్రపొమ్మన్నా, పొద్దుగూకేదాకా ఆమె మాట ఆపలేదు.