తమ్ముడి పరీక్ష

“సగటుకీ, మధ్యగతానికీ తేడా ఏంటో ఇంకోసారి చెప్పక్కా,” అన్నాడు లిఫ్టు మెకానిక్.

పోయిన ఆదివారమూ ఇదే అడిగాడు, అంతకుముందు ఆదివారమూ ఇదే. పళ్ల ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చుని, దవడ పట్టుకుని మూలిగేవాళ్లకు సర్దిచెప్పడమే ఆమె ఉద్యోగం కాబట్టి ఓపికకు లోటు లేదు. సెలవురోజు ఖాళీగా ఉండే ఆ హాల్లోనే వీళ్ల చదువు.

“ఇక్కడ నువ్వూ నేనూ, ఓ కోటీశ్వరుడూ ఉన్నామనుకో. సగటు తీస్తే మనమూ లక్షాధికారులమే. మధ్యగతం తీస్తే మన అసలు బతుకు బయటపడుతుంది.”

అతను నవ్వి రాసుకున్నాడు. వచ్చేవారం మళ్లీ అడుగుతాడని ఆమెకి తెలుసు.

ఇద్దరూ ఒకే ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, వేర్వేరు ఏళ్లలో, గణాంకశాస్త్రం ఒక్క పేపరు మిగుల్చుకుని డిగ్రీ వదిలేసినవాళ్లే. చేరినవాళ్లలో సగంమంది పట్టా లేకుండానే పోతున్నారని అధికారులు తలపట్టుకుని, అలాంటివాళ్లను వెనక్కి తెచ్చే పని గణాంకాల మాస్టారి నెత్తిన పెట్టారు. ఆయన ఫోన్ చేసినప్పుడు, పిల్లల తల్లిని, నాకిప్పుడు చదువేంటి సార్ అని ఆమె కొట్టిపారేసింది.

“నీ కోసం కాదమ్మా,” అన్నాడాయన. “ఒక లిఫ్టు మెకానిక్ ఉన్నాడు. మంచివాడే, ధైర్యం చాలదు. పాత సిలబస్‌కి ఇదే ఆఖరి పరీక్ష. ఇది తప్పితే అతని డిగ్రీ నీళ్లపాలే. పక్కన నువ్వూ రాస్తుంటే నిలబడతాడు. నీకు అప్పజెబుతున్నాను, గట్టెక్కించు. నేను చెప్పానని తెలియనివ్వకు, చిన్నబుచ్చుకుంటాడు.”

తన కోసమైతే గడప దాటేది కాదు. ఇంకొకరి కోసం అనేసరికి నడుం బిగించింది. అతనికి చెప్పాలి కదా అని ముందురోజే కూర్చుని చదివేది. ఓసారి లెక్క మధ్యలో తడబడితే, “ఇక్కడ భాగించాలేమో కదక్కా?” అన్నాడు. గుడ్డి దెబ్బ తగిలిందనుకుంది.

పరీక్ష దగ్గరపడ్డాక ఆమె చిన్నకూతురికి జ్వరమొచ్చింది. ఇక తనవల్ల కాదని ఫోన్‌లో చెప్పేసింది.

“నువ్వు రాకపోతే నేనూ మానేస్తానక్కా,” అన్నాడతను ఏడుపు గొంతుతో.

పాపను భర్తకు అప్పగించి, మెకానిక్‌ని లోలోపల తిట్టుకుంటూనే ఆ ఆదివారమూ చదువుకి వెళ్లింది. పరీక్షనాడు గేటు దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడ్డవాణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది కూడా.

ఫలితాలొచ్చాయి. ఇద్దరూ పాసయ్యారు. తన పట్టా కంటే తమ్ముడి పట్టాయే ఆమెకి గొప్పగా తోచింది. మాస్టారితో అనవలసిన మాటను దారిపొడవునా మురిసిపోతూ కూర్చుకుంది: సార్, మీరు అప్పజెప్పినట్టే తమ్ముణ్ణి గట్టెక్కించాను.

మాస్టారి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. తట్టబోయి ఆగింది. లోపల తనకంటే ముందే వచ్చిన మెకానిక్ మాట్లాడుతున్నాడు. ఆ గొంతులో ఏడుపూ లేదు, బెరుకూ లేదు.

“సార్, మీరు అప్పజెప్పినట్టే అక్కను గట్టెక్కించాను.”