ఎర్ర కుట్లు

"ముట్టుకోవద్దని నిన్ననే చెప్పానా లేదా?"

షాపావిడ కేకకి పక్క కొట్లో దర్జీ మిషను ఆపి తొంగి చూశాడు.

పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కానీ కదల్లేదు.

కొండలెక్కేవాళ్ళకి బ్యాగులు, గుడారాలు అద్దెకిచ్చే షాపు అది. ఈయన వారంగా రోజూ వస్తున్నాడు. ఏమీ కొనడు, అద్దెకీ తీసుకోడు. ఒక్కో బ్యాగు దగ్గరా ఆగి, కింద పడుకునే చాపని బిగించే పట్టీ చివరను బకిల్‌లోంచి లాగి, మళ్ళీ వెనక్కి దూర్చి, గట్టిగా గుంజి చూస్తాడు.

"రెండోసారి దూరిస్తే ఉబ్బెత్తుగా కనబడుతుంది బాబాయ్‌గారూ. చూడ్డానికి బాగోదు."

"ఒకసారే దూరిస్తే తడిసినప్పుడు జారుతుందమ్మా."

"మాకు తెలీదా ఏంటి?"

తెలుసు. ఆవిడ బాధంతా అదే.

కిందటి నెల కొండ దగ్గర్నుంచి ఎవరో ఫోన్ చేశారు. వానలో ఒకమ్మాయి బ్యాగు పట్టీ జారిందట. చాప జారిపోతుంటే పట్టుకోబోయి, కాలు పట్టుతప్పి లోయలో పడిందట. ప్రాణం దక్కలేదట.

"నీలం బ్యాగండీ. మీదేనా?"

ఎదురుగా మరిది వద్దు వద్దని చేతులూపాడు. ఒప్పుకుంటే షాపు మూతపడుతుంది. ఇంటిల్లిపాదీ రోడ్డున పడతారు.

"మాది కాదండీ" అనేసింది.

ఆ రోజు నుంచీ ఆవిడకి అన్నం సహించడం లేదు. షాపు ముందు ఏ బండి ఆగినా గబుక్కున లోపలికి తప్పుకుంటుంది. ఆ పిల్ల తాలూకు వాళ్ళు వచ్చి, జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడుస్తారని భయం.

పోనీ పట్టీలైనా సరిచేద్దామంటే మరిది ఒప్పుకోలేదు. "ఇప్పుడు మారిస్తే తప్పు మనదేనని చాటింపు వేసినట్టే వదినా!"

ఇంతలో ఈ పెద్దాయన తగులుకున్నాడు.

వచ్చిన మొదటి రోజే పట్టీ చివర వేలితో తడిమి అడిగాడు. "ఈ ఎర్ర కుట్లు మీరే వేస్తారామ్మా?"

"మరి! నా చేత్తోనే. ఇంకే షాపులోనూ ఉండవు."

ఆయన తలూపాడు.

"ఎదుటి షాపు వాడు పంపించాడు వదినా, మన సరుకు పాడు చెయ్యమని" అని మరిది చెవిలో ఊదాడు. అసలే చిరాకు మీద ఉందేమో, ఆవిడ నమ్మేసింది. అందుకే ఇవాళ ఇలా విరుచుకుపడింది.

"పనీపాటా లేదా మీకు? ఇంట్లో పిల్లాజెల్లా లేరా? ఇంకోసారి వస్తే మర్యాదగా ఉండదు!"

పెద్దాయన ఆవిడ ముఖంలోకి చూశాడు.

"ఒక్క బ్యాగు మిగిలిందమ్మా. అది కూడా బిగించేసి వెళ్ళిపోతాను."

ఆవిడ దాన్ని చేతిలోంచి లాక్కుంది. ఆయన మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు పెద్ద వాన. అద్దె బ్యాగుల కోసం కాలేజీ పిల్లలు వచ్చారు. బిలబిలమంటూ భుజాలకు తగిలించుకుని వానలోకి దిగబోతుంటే ఆవిడకి ఎందుకో ప్రాణం ఒప్పలేదు. మరిది గొణుగుతున్నా వినకుండా తనూ తడుస్తూ, ఒక్కో పట్టీ పట్టి గుంజింది.

పెద్దాయన చెయ్యి పడ్డవి ఒక్కటీ కదల్లేదు.

తను లాక్కున్న బ్యాగు పట్టీ మాత్రం సర్రున జారి చేతిలోకి వచ్చేసింది.

"ఎంత మాటన్నాను ఆ మనిషిని!" అనుకుంటూ అక్కడే నిలబడి, దాన్ని రెండోసారి దూర్చి బిగించింది.

ఆ తర్వాత రోజూ ఆయన కోసం చూసింది. వస్తే కూర్చోబెట్టి, టీ తెప్పించి, తప్పయిపోయిందని చెప్పుకోవాలని. ఆయన రాలేదు.

దర్జీ వచ్చాడు, చంకలో ఒక మూటతో.

"ఆ పెద్దాయన ఊరెళ్ళిపోతూ నా దగ్గర పెట్టి వెళ్ళాడక్కా, మీకిచ్చెయ్యమని."

విప్పింది. మట్టి ఎండి అట్టకట్టిన నీలం బ్యాగు. పట్టీ చివర ఎర్ర కుట్లు. పట్టీని బకిల్‌లో రెండోసారి దూర్చి, బిగించి ఉంది.

ఆవిడ స్టూలు మీద కూలబడింది.

"ఏమన్నా చెప్పాడా?"

"మా అమ్మాయి అద్దెకి తీసుకుంది, తనకి తిరిగిచ్చే వీల్లేకపోయింది, ఆలస్యమైనందుకు ఏమీ అనుకోవద్దని చెప్పమన్నాడు."