ఓమ్ నియమంలో చడావు

“ఈ గీత ఎంత నిటారుగ ఉందో చెప్పేదాన్ని ఏమంటరు?” బోర్డు మీద గ్రాఫ్ గీసి అడిగింది శ్రీకళ.

“స్లోప్!” “గ్రేడియంట్!” “వాలు!” పదో తరగతి మూడు పార్టీలైంది.

“ఒక్కదానికి మూడు పేర్లేందిరా?”

“ఒక్కో మేడం ఒక్కోటి చెప్పిన్రు,” అంది మొదటి బెంచీ రూబీ.

లెక్కల టీచరుకీ మానేసిన సైన్సు టీచరుకీ పడేది కాదన్నమాట. ఏ స్కూల్లోనైనా ఉండే భాగోతమే. వెనక బెంచీలో కూర్చుని ఆమె డెమో క్లాసు చూస్తున్నాడు ప్రిన్సిపాల్ సాంబమూర్తి. ఈ ఫిజిక్స్ ఉద్యోగం రాకపోతే సోమవారం నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో వదిన చీరల షాపే గతి. బీఈడీ చదివిన సేల్స్‌గర్ల్.

“పేర్లు పక్కన పెట్టుండ్రి. ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మీ నాయిన స్కూటర్ ఎందుకు మూలుగుతది?”

“చడావుంటది మేడం!”

“గదే ఇది. నిలువు గీత మీద వోల్టేజ్, అడ్డగీత మీద కరెంట్. చడావు పెరిగితే?”

రూబీ లేచి నిలబడింది. “కరెంట్ పోవుడు కష్టం... మేడం, గదేనా రెసిస్టెన్స్?”

“గదే! వోల్టేజ్‌ను కరెంట్‌తోని భాగిస్తే ఒచ్చేది గా చడావే.”

“అరే, గింతేనా!” వెనక నుంచి ఎవడో అరిచాడు. క్లాసంతా చప్పట్లు.

సాంబమూర్తి వరండా దాకా వచ్చాడు. “లెక్కల్ని సైన్సులో ఇంత బాగా కలిపినవాళ్లని చూళ్లేదమ్మా. ఓమ్ నియమం మొత్తం అయిపోయినట్టేగా?”

“అయింది సార్. ప్రాబ్లమ్స్ గూడ చేయించిన.”

“చాలా సంతోషం. మేం ఫోన్ చేస్తాం.”

మెట్లు దిగుతూనే వదినకు ఫోన్ కలిపింది శ్రీకళ. “వదినా, షాపుల ఇంకెవరినన్న చూసుకో.”

“పక్కానా? మళ్ల మా చెల్లె అమలను పెట్టుకున్నంక ఏడ్వొద్దు.”

“ప్రిన్సిపాలే మెచ్చిండు వదినా. పెట్టుకో.”

గేటు దగ్గరికి రూబీ ఉరికొచ్చింది. “మేడం, అందర్లకెల్ల మీరే మంచిగ చెప్పిన్రు!”

“సోమవారం నుంచి నేనే కదా. పవర్ గూడ గిట్లనే చెప్త.”

“పవర్ రేపే అయిపోతది మేడం.”

“గదెట్ల? మీకు ఫిజిక్స్ చెప్పేటోళ్లు లేరనే గద నన్ను పిలిచిన్రు?”

“జూన్ నుంచి మాకు రోజుకో డెమో మేడమే.”