చారుమతీదేవిని ఎక్కడ మొదలుపెట్టాలి

"చారుమతీదేవినా? ఎక్కడ మొదలుపెట్టాలని కాదయ్యా, అసలెందుకు మొదలుపెట్టాలని అడుగు" అన్నాడు ప్రొఫెసర్ శేషాద్రి, ఆర్ట్స్ కాలేజీ మెట్లు దిగుతూ.

సుదర్శన్ సంచి చంకన పెట్టుకుని వెంటబడ్డాడు. "సోమవారం వారపత్రిక ఆఫీసుల ఇంటర్వ్యూ సార్. మొత్తం ఆమె నవలల మీదనే అడుగుతరట. నేను ఒక్కటి సుత చదవలేదు. మీరు మొదలు ఏది చదివిన్రు?"

శేషాద్రి ఆగిపోయాడు. మూడు సెమినార్లలో ఆవిడ మీద దుమ్మెత్తిపోసిన మనిషి ఆయన. "చదివితే అభిమానం పుడుతుంది. విమర్శకుడికి అది పనికిరాదు" అని స్కూటరెక్కాడు.

ఎమ్మే తెలుగు పూర్తయి రెండేళ్ళయినా సుదర్శన్ హాస్టల్లో స్నేహితుడి గదిలోనే తలదాచుకుంటున్నాడు. ఈ నెల దాటితే ట్రంకుపెట్టె రోడ్డు మీద పెట్టిస్తానని వార్డెన్ తేల్చి చెప్పేశాడు. ఈ ఉద్యోగం రాకపోతే ఊరికి పోయి ఎవరికీ మొహం చూపించలేడు. చేతిలో ఉన్నవి రెండు రోజులు. ఆవిడ రాసినవి నూట పదకొండు నవలలు.

తార్నాకలో అద్దె పుస్తకాల షాపు నడిపే రాజలింగం మాత్రం ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు లేచి నిలబడ్డాడు.

"మొదటి దానికెల్లి షురూ చేస్తే ఆగమైతవు. ఇరవై నాలుగోది తీస్కో. గాడ ఆమె చెయ్యి తిరిగింది. ఆడికెల్లి అన్నీ గంతే. నలభయ్యో పేజీల వాన, నూటపదిల అపార్థం, ఆఖర్ల ఎయిర్‌పోర్టు."

"కొత్తయి ఎట్లుంటయన్నా?"

"తొంభై దాటినంక మజా పోయింది. మనిషే మారినట్టున్నది."

సుదర్శన్ అన్నీ రాసుకున్నాడు. హీరోకి కోపమొస్తే ఏం చేస్తాడు, హీరోయిన్ ఎటు తిరిగి ఏడుస్తుంది, అధ్యాయం ఎక్కడ తెగుతుంది, ఏదీ వదల్లేదు. పీహెచ్‌డీ చేసేవాళ్ళకు కూడా ఇంత శ్రద్ధ ఉండదని రాజలింగం మురిసిపోయి, ఏడు నవలలు ఏరి ఇచ్చాడు.

పుస్తకం తిరిగివ్వడానికొచ్చిన లలిత ఇదంతా వింటూ నిలబడింది. హబ్సిగూడలో ఉంటుంది, బ్యాంకులో పని.

"యూనివర్సిటీ వాళ్ళా మీరు? ఆమె కనపడితే నా మాటగా ఒకటి చెప్పండి. ఇప్పుడు వారపత్రికలో వస్తున్న సీరియల్లో వైదేహిని ఆ డాక్టరుకిచ్చి చెయ్యొద్దని. ఈ వారం ఇరవై రెండో భాగం చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు."

"చెప్త మేడమ్" అన్నాడు సుదర్శన్. లలిత కళ్ళలో నిజమైన దిగులు చూశాక అతనికి ఇంటర్వ్యూ అంటే మొదటిసారి భయం పుట్టింది.

సోమవారం పదింటికి వారపత్రిక ఆఫీసులో ఎడిటర్ బిక్షపతి ఎదుట కూర్చుని, అడిగినవాటన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పాడు. వాన ఏ పేజీలో పడాలో కూడా చెప్పాడు.

"ఉద్యోగం మీదే" అని బిక్షపతి తెల్లకాగితాల కట్ట ఒకటి సుదర్శన్ ముందుకు తోశాడు.

"చారుమతీదేవి గారూ, ఇరవై మూడో భాగం బుధవారానికి ఇయ్యాలె."