పదకొండు కార్ల రిజిస్టరు

ఎడ్విన్ థర్‌గుడ్ కారులో ఇరుక్కుపోయాడు.

కొండ మీది సందు అంత ఇరుకు. బురదలో జారిన కారుకు కుడి తలుపు మట్టిగట్టుకు ఆనింది, ఎడమది రాతిగోడకు. నెత్తిన గట్టి టాపు. స్టీరింగు కింద అరవై రెండేళ్ళ మోకాళ్ళు మడతపడి ఉన్నాయి.

మనుషుల్ని తీసుకొస్తానని హెస్టర్ కిందికి పరిగెత్తింది. కారు ఆమెదే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, మొన్న చలికాలంలో పోయిన వాళ్ళ నాన్నది.

లాప్‌వింగ్ అంటే ఒకప్పుడు ఇంగ్లండు కుర్రకారంతా మోజుపడ్డ స్పోర్ట్స్ కారు. మామూలు లాప్‌వింగ్‌లు వేలల్లో తయారయ్యాయి. ఇంజనుకు పదునుపెట్టి పందేల కోసం చేసిన ‘ఆర్’ రకం మాత్రం పదకొండే.

పదకొండని తేల్చింది ఎడ్వినే. లాప్‌వింగ్ యజమానుల సంఘానికి ఇరవై ఆరేళ్ళుగా రిజిస్టరు రాస్తున్నాడు. ఆయన అసలుదంటే అసలుది, కాదంటే కాదు. ఆ లెక్కతో పుస్తకం కూడా అచ్చేయించాడు.

ఇప్పుడు ఈ పిల్ల పన్నెండోదాన్ని పట్టుకొచ్చింది.

“ఇది ‘ఆర్’ రకమనే చెప్పేవాడు మా నాన్న. అబద్ధమాడే మనిషి కాదండీ,” అంది పొద్దున. అసలుదని ఎడ్విన్ సంతకం పెడితే మ్యూజియం వాళ్ళు తీసుకుంటారట. లేదంటే ఇల్లు ఖాళీ చేస్తోంది గనక విడి భాగాలకు ఇచ్చేస్తుందట. ఇంజను కోసం ఒకాయన అప్పుడే కాచుకుని కూర్చున్నాడు.

సరే, రెండు కార్లనూ ఒకే కొండ ఎక్కించి చూద్దామన్నాడు ఎడ్విన్. తన మామూలు లాప్‌వింగ్ మూడుసార్లు, ఇది మూడుసార్లు.

ఆయన కారు అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా మర్యాదగా ఎక్కింది.

ఇది మాత్రం కింద దగ్గింది, మొండికేసింది. సగం కొండ దాటాక ఒక్క ఊపున ఆయన వీపును సీటుకేసి నొక్కింది. ఎడ్విన్ పైకే నవ్వేశాడు. అంత సంతోషం కలిగి ఎన్నేళ్ళయిందో. ఆ సంతోషమే ఆయన్ని భయపెట్టింది.

మూడోసారి సందు మలుపులో జారింది.

అప్పుడొచ్చాడు ఆ ముసలాయన, చేతిలో కోళ్ళ దాణా బకెట్టుతో. ఒక కంటికి పువ్వేసింది.

ట్రాక్టరుంటే తెమ్మన్నాడు ఎడ్విన్.

“ట్రాక్టరెందుకు సార్? వీటిని వేడి మీద కదిలించకూడదు. కాసేపు చల్లారనివ్వండి,” అంటూ ముసలాయన ముందుకెళ్ళి బానెట్టు లేపాడు.

“ఇలాంటి కారు ఎప్పుడైనా నడిపావా?”

“లేద్సార్. ఈ కంటికి లైసెన్సెవరిస్తారు?”

ఆయన ఏపాటివాడో ఎడ్విన్‌కు తెలిసిపోయింది. కదల్లేని మనిషికి కనీసం మాట్లాడే సుఖమైనా ఉండాలిగా. ఇది నకిలీదని, కార్బురేటర్లను పట్టి ఉంచే బ్రాకెట్టే ఆ సంగతి చెబుతోందని వివరించాడు. అసలువాటికి అది స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. దీన్ని ఏ పల్లెటూరి కమ్మరో వంకరగా కోశాడు.

ముసలాయన ఆ బ్రాకెట్టు మీది మసిని బొటనవేలితో తుడిచాడు.

“తిన్నగా కోస్తే అదురుకు చీలుద్ది సార్. అందుకే వంకర. చూపుకు బాలేదని కంపెనీవాళ్ళే తర్వాత తిన్నగా చేయించారు.”

“ఎవరు చెప్పారు? పబ్బులోనా?”

ముసలాయన మొహం చిన్నబోయింది.

“పోన్లెండి సార్,” అన్నాడు.

తర్వాత సీటు వెనక చెయ్యి పెట్టి తడమమన్నాడు. అక్కడ రెండు పిన్నులున్నాయి. పీకితే వెనక అద్దం మొత్తం ఊడొచ్చింది. ముసలాయన చంకల కింద చేతులేసి, ఎడ్విన్‌ను ఆ కంతలోంచి బయటికి లాగాడు.

పదకొండు కార్లు చూసిన ఎడ్విన్‌కే ఆ పిన్నుల సంగతి తెలియదు. నీకెలా తెలుసని అడగాల్సింది. పేరైనా అడగాల్సింది. హెస్టర్ మనుషులతో వచ్చేసరికి ముసలాయన బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం కాగితం ముందు కూర్చున్నాడు ఎడ్విన్. కారులోంచి బయటపడ్డాడన్న మాటేగానీ ఊపిరాడలేదు. అసలుదంటే ఇరవై ఆరేళ్ళ పుస్తకం తప్పవుతుంది. సంఘంలో తలెత్తుకోలేడు. కారు నిజం చెప్పిందని వీపుకు తెలుసు. చెయ్యి మాత్రం ‘కాదు’ అని రాసింది.

హెస్టర్ ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ వారమే ఇంజను వెళ్ళిపోయింది. మిగతా బాడీని కోసి పాత ఇనుముకు వేశారు.

అక్టోబరులో రిజిస్టరులోని నాలుగో కారు తనిఖీకొచ్చింది. తిన్నని బ్రాకెట్టుకు సన్నటి చీలిక. ఏడోదాన్ని రప్పించి చూశాడు. దానికీ ఉంది.

ఎడ్విన్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి ఆ సందుకు వెళ్ళాడు.

గోడ వెనక చిన్న ఇల్లుంది. ఒకావిడ ఉతికిన దుప్పటి ఆరేస్తోంది. ఒక కన్ను కనబడని పెద్దాయన ఇక్కడేనా ఉండేదని అడిగాడు.

“సిలాసా? మా అన్నే. పోయి మూడు వారాలైంది,” అందావిడ. ఎడ్విన్‌ను ఎగాదిగా చూసింది. “కార్ల సంఘమాయన మీరేగా? వెనక అద్దం ఊడదీసి మా అన్న బయటికి లాగిన మనిషి?”

ఎడ్విన్ తలూపాడు.

“ఆ కారును కోసేశారని తెలిసి రెండ్రోజులు అన్నం ముట్టలేదు. అయినా మిమ్మల్ని ఏమీ అననివ్వలేదండీ. ఆయన తప్పేముందే, నేనెక్కడా పేరు రాసుకోలేదుగా అన్నాడు.”

ఆ బ్రాకెట్టు సంగతి ఆయనకెలా తెలుసని ఇప్పటికి అడిగాడు ఎడ్విన్.

ఆవిడ తడి చెయ్యి చాచి పెరట్లో తలుపూడిన కొట్టం చూపించింది.

“కంపెనీవాళ్ళు తమ పేరు బిళ్ళ మాత్రమే అతికించారు బాబూ, ఆ పన్నెండు కార్లకూ ఇంజన్లు కట్టింది అక్కడ మా అన్నే, మీరు ఇరుక్కున్నది ఆయన కట్టిన మొట్టమొదటిది.”