అరువు తెచ్చిన గొర్రెలు

"ఈ మూడింటినీ పశువుల డాక్టరమ్మ చూసిందంటే మొత్తం మంద గోతిలోకే," అంటూ వాయోస్ మూడు గొర్రెల్ని దొడ్డి వెనక తలుపులోంచి బయటికి నెట్టాడు. వాటి మూతుల మీద పొక్కులున్నాయి.

"ముళ్లు మేసి పొక్కినవి. ఆమాత్రం ఆవిడకి తెలీదా?" అంది భార్య స్తమూలా.

"పక్క లోయలో మీ అన్న కూడా ముళ్లేనన్నాడు. ఇప్పుడక్కడ ఒక్క గొర్రె గంటైనా మోగుతోందా?"

గొర్రెల బొబ్బరోగం పక్క లోయదాకా వచ్చేసింది. ఒక్క గొర్రెకి ఉందని తేలినా మంద మొత్తాన్ని తుపాకీతో కాల్చి పూడుస్తున్నారు. ఆ మంద పోతే వాళ్లకి మిగిలేవి రాళ్లూ, సరిహద్దు దాటి లారీ తోలే పెద్దకొడుకు పంపే నాలుగు డబ్బులే.

మూడింటినీ పాడుబడ్డ పిండిమరలో కట్టేసి, వాయోస్ వాగు దాటి స్తేర్యోస్ దొడ్డికి పోయాడు. స్తేర్యోస్ అతనికి కుంబారే, అంటే అతని పెళ్లిలో వధూవరుల తలల మీద కిరీటాలు మార్చినవాడు. ఆ కొండల్లో కుంబారే అడిగితే లేదనరు.

"డాక్టరమ్మ దగ్గరున్న లెక్కకి మూడు తక్కువయ్యాయి కుంబారే. మంచివి మూడు ఇవ్వు. ఇవాళ పరీక్షకి రక్తం తీయగానే తోలుకొస్తా."

స్తేర్యోస్ మందలోకి దిగి, ఏరి మూడింటిని పట్టుకొచ్చాడు. "ఇవి తోలుకుపో. వీటికేం కాదు."

"నిన్ను చూస్తే చాలు, రోగం కూడా పారిపోతుంది."

"నిన్ను చూస్తే గొర్రెలే పారిపోతాయి. పో, ఆలస్యమైంది."

వాయోస్ వాటి చెవుల నంబరు బిళ్లలు కత్తిరించి, తన గొర్రెల బిళ్లలు బిగించాడు. తొందరలో ఒకదాని చెవి చీరుకుంది.

డాక్టరమ్మ దొమ్నా వచ్చి వరసగా రక్తం తీసింది. ఆ గొర్రె దగ్గర ఆగింది.

"ఈ చెవికి రక్తమేంటి?"

"కంచెలో ఇరుక్కుంది."

"నీ కంచెకి చెవులంటే బాగా ఇష్టంలా ఉంది," అని ఆమె సూది గుచ్చింది. సాయంత్రానికి స్తేర్యోస్ గొర్రెలు అతని దొడ్డికి చేరాయి; పొక్కులున్నవి మాత్రం మరలోనే ఉండిపోయాయి.

వారం తిరగకముందే దొమ్నా మళ్లీ వచ్చింది. వెనకాల పోలీసులు, గోతులు తవ్వే యంత్రం. చప్పుడు విని స్తేర్యోస్ కూడా వాగు దాటి వచ్చాడు.

"మూడు గొర్రెల రక్తంలో యాంటీబాడీలు తేలాయి వాయోస్," అంది దొమ్నా.

"అంటే?"

"రోగం మీదికొచ్చినప్పుడు ఒళ్లు దాంతో కలబడటానికి కాపలా తయారుచేసుకుంటుంది. రోగం పోయినా ఆ కాపలా పోదు. అది కనబడిందంటే ఈ దొడ్డిలోకి రోగం వచ్చినట్టే. మంద తీసెయ్యాలి." ఆమె చీటీలోంచి మూడు బిళ్లల నంబర్లు చదివింది.

స్తమూలా దొడ్డి తలుపుకి అడ్డం నిలబడింది. వాయోస్ యంత్రం వంక చూశాడు. తర్వాత తన మంద వంక చూశాడు. స్తేర్యోస్ వంక మాత్రం చూడలేదు.

"ఆ మూడూ నావి కావు. కుంబారేవి. నావి మరలో దాచాను. వచ్చి చూడండి."

స్తమూలా మొగుణ్ణి చూసి, తల దించేసుకుంది.

దొమ్నా స్తేర్యోస్ వైపు తిరిగింది. "నిజమేనా?"

"నిజమే."

"ఇంకో మాట అడుగుతా, ఆలోచించి చెప్పు. ఈ దేశంలో ఆ రోగానికి టీకా వేయకూడదు. వేసినా ఆ కాపలా రక్తంలో కనబడుతుంది. దొంగతనంగా సరిహద్దు దాటించిన టీకా మందేదైనా వేశావా? వేస్తే కేసవుతుంది, మందు తెచ్చినవాడు జైలుకి పోతాడు. కానీ నీ మందని మళ్లీ పరీక్షించేదాకా ఆపగలను. వేయకపోతే మాత్రం నా చేతుల్లో ఏమీ లేదు."

స్తేర్యోస్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"వేయలేదు."

యంత్రం వాగు దాటింది. మరలో గొర్రెల్ని చూసి, పొక్కులు ముళ్లవేనని దొమ్నా తేల్చింది. రక్తం తీసుకుని, ఫలితం వచ్చేదాకా వాయోస్ మందని దొడ్డిలోనే ఉంచమంది.

వాయోస్ వాగు దాటి వెళ్లేసరికి స్తేర్యోస్ గొర్రెల మెడల్లో గంటలు విప్పుతున్నాడు. కాల్చేముందు గంటలు విప్పెయ్యాలి, మోగుతుండగా చంపకూడదని ఆ కొండల్లో ఆచారం. విప్పిన ప్రతి గంటలోనూ గడ్డి కూరి, మోగకుండా గోనెలో వేస్తున్నాడు. వాయోస్ కూడా ఒక గొర్రె దగ్గర కూర్చుని గంట కట్టిన పట్టెడ విప్పబోయాడు.

"ముట్టుకోకు."

వాయోస్ చెయ్యి తీసేశాడు. "నా పిల్లలు ఏం తింటారు కుంబారే? నేనింకేం చేసేది? నీ మందకి రోగమొచ్చి పోయిందని నాకు ముందే చెప్పుంటే..."

"రాలేదు."

"మరి రక్తంలో?"

"సూది వేశాను. ముందు మూడింటికి వేసి చూద్దామనుకున్నా. అందుకే నీకు ఆ మూడూ ఇచ్చాను. ఈ కొండ మీద ఆ రోగానికి చావనివి అవే అనుకున్నా. సూది కూడా రక్తంలో కనబడుతుందని నాకేం తెలుసు?"

వాయోస్ గభాల్న లేచాడు. "డాక్టరమ్మ అడిగిందిగా. వేశానంటే మంద ఆగేది. ఎవణ్ణి కాపాడుదామని నోరు మూసుకున్నావు?"

స్తేర్యోస్ ఆఖరి గంట విప్పి, గోనె మూతి కట్టాడు.

"మందు లారీలో దాచి తెచ్చింది నీ పెద్దకొడుకు."