పేరయ్య మాస్టారి కార్డు

చనిపోయి ఆరేళ్లయిన మనిషి నిన్న మధ్యాహ్నం యూనివర్సిటీ లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తీసుకెళ్లాడు.

కంప్యూటర్ అలాగే చెబుతోంది. లైబ్రేరియన్ రఘువీర్ మూడుసార్లు చూశాడు. పేరు పేరయ్య. ఫిలాసఫీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాడు. ఇల్లు తార్నాక. రిటైరైన వాళ్ల కార్డుకు గడువుండదు. పోయిన సంగతి ఎవరో ఒకరు వచ్చి చెప్పేదాకా అది బతికే ఉంటుంది.

ఈ ఆరేళ్లలో ఆ కార్డు మీద నూట నలభై ఆరు పుస్తకాలు వెళ్లాయి. అన్నీ వారం తిరక్కుండా వెనక్కొచ్చాయి.

"మన రీసెర్చ్ స్కాలర్ల కంటే ఈయనే నయం," అన్నాడు రఘువీర్.

డిప్యూటీ లైబ్రేరియన్ వైదేహి నవ్వలేదు.

జాబితాలోని కిటుకు రఘువీరే పట్టుకున్నాడు. ప్రతి పుస్తకమూ పదేళ్లుగా ఎవరూ తీసుకోనిదే. పదేళ్లు ఇష్యూ కాని పుస్తకాన్ని పాత కాగితాల లారీ ఎక్కించాలన్నది లైబ్రరీ రూలు. ఏడేళ్ల కిందట ఆ రూలు రాసింది వైదేహే. చదివేవాడు లేనిది పుస్తకం కాదు, అచ్చేసిన కాగితం అని ఒకప్పుడు లైబ్రరీ సైన్స్ క్లాసులో గట్టిగా చెప్పేది కూడా. ఇప్పుడెవరో సరిగ్గా లారీ ఎక్కబోయే పుస్తకాల్నే చనిపోయిన మనిషి పేరు మీద ఇష్యూ చేసి కాపాడుతున్నారు.

కౌంటర్ సమ్మయ్యది. కంప్యూటర్‌లో లాగిన్ అతనిది. అన్నానికి అడిక్‌మెట్‌లోని ఇంటికెళ్లే గంట తప్ప, ముప్పై ఏళ్లుగా అతను ఆ కుర్చీ వదిలింది లేదు. రిటైర్మెంట్ ఇంకా రెండు నెలలుంది. దొంగ రికార్డని తేలితే పెన్షన్ ఆగిపోతుంది.

సాయంత్రానికల్లా విచారించి రిపోర్టు ఇమ్మని వైదేహికి చెప్పాడు రఘువీర్.

వైదేహి వెళ్లేసరికి సమ్మయ్య పుస్తకాల ర్యాకుల మధ్య దుమ్ము దులుపుతున్నాడు. ఆమె చేతిలో ఫైలు చూడగానే అతనికి అర్థమైపోయింది.

"నేనే జేసిన్నని రాసుకోండ్రి మేడమ్."

"పెన్షన్ పోతుంది సమ్మయ్య గారూ."

"పుస్తకాలైతే ఉన్నయి గద."

పక్క ర్యాకు వైపు తిరిగి మళ్లీ దులపసాగాడు. ఆమె కళ్లలోకి చూడలేదు. వైదేహి పెన్ను తీసింది, ఒక్క అక్షరం పడలేదు. ఫైలు మూసి, గేటు దగ్గర ఆటో ఎక్కి తార్నాక వెళ్లింది.

పేరయ్య భార్య విశాలాక్షి తలుపు తీసింది. చాలా రోజులకొచ్చావమ్మా అంటూ మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. మాస్టారి కార్డు మీద గొడవ నడుస్తోందని వైదేహి చెప్పింది.

"అది లైబ్రరీకని అడిగితే ఇచ్చేశాంగా తల్లీ, ఆయన పోయిన నెలలోనే."

అడక్కుండానే మిగతాదీ చెప్పుకొచ్చింది. మాస్టారు రోజూ రీడింగ్ హాల్లో కిటికీ పక్కన కూర్చుని ఒకే పుస్తకం చదువుకునేవారు. ఒక్కనాడూ ఇంటికి తేలేదు. రేపు మళ్లీ వెళ్తానుగా, మోత ఎందుకు అనేవారు. ఒకరోజు వెళ్తే ర్యాకులో ఆ చోటు ఖాళీగా ఉంది. లారీలో పోయిందన్నారు.

"ఎవర్నీ ఒక్క మాట అనలేదమ్మా. మర్నాటి నుంచి క్యాంపస్ వైపు వెళ్లడం మానేశారు. తర్వాత ఆరు నెలలే ఉన్నారు."

వైదేహి మజ్జిగ తాగలేకపోయింది.

ఆమె తిరిగొచ్చేసరికి రఘువీర్ బల్ల మీద సస్పెన్షన్ కాగితం టైపు చేసి ఉంది. పక్కనే సమ్మయ్య స్వదస్తూరీతో రాసిచ్చిన ఒప్పుకోలు.

"పని తేలికైంది వైదేహి గారూ. కింద మీరు సంతకం పెడితే చాలు," అన్నాడాయన, పెన్ను అందిస్తూ.

వైదేహి పెన్ను అందుకోలేదు.

"సమ్మయ్య అన్నానికి వెళ్లినప్పుడు ఆ కుర్చీలో కూర్చునేది నేను సార్, ఎవరూ ఇంటికి తీసుకెళ్లడం లేదని మాస్టారి పుస్తకాన్ని లారీ ఎక్కించిందీ, ఆయన పోయాక ఆ కార్డు అడిగి తెచ్చుకుని ఆరేళ్లుగా మిగతావాటిని దింపుతున్నదీ నేనే."